ఆఖరి పెగ్గు పోయనన్నందుకు ఒక్క స్టారా?

ఈ బార్‌కి ఈమధ్య ఒకాయన ఒక్క స్టార్ ఇచ్చాడు. "కస్టమర్ అంటే మర్యాద లేదు. డబ్బులిస్తానన్నా మందు పోయలేదు. పైగా నా కారు తాళం దాచిపెట్టారు" అని రాశాడు. ఆ రాత్రి నేను ఆయన పక్క టేబుల్లోనే ఉన్నాను. ఆయన రాసినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. పోయలేదు, దాచిపెట్టారు. నేను నాలుగు స్టార్లు ఇస్తున్నది అందుకే. ఐదోది ఎందుకు కోశానో కూడా చెప్తాను. దానికి కారణం వేరే.

ముందు నా సంగతి. నేను తాగను. మా బ్యాచ్‌లో నా పేరు 'మంచింగ్'. హైదరాబాద్ మూసాపేటలో నాకు కార్ల డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు ఉంది. స్పేర్ పార్ట్స్ షాపు వాళ్లిద్దరు, ఒక ఇన్సూరెన్స్ సర్వేయర్, నేను, శనివారం షెడ్డు మూశాక ఇక్కడ కూర్చుంటాం. వాళ్లు పెగ్గులు, నేను ప్లేట్లు. బిల్లు మాత్రం అందరికీ సమానం. తాగనివాడి దగ్గర కూడా వాటా గుంజుతార్రా అని గొణుగుతుంటాను గానీ, నేను లాగించే చికెన్ లెక్క తెలుసు కాబట్టి గట్టిగా అనను. చివర్లో అందర్నీ ఇళ్ల దగ్గర దింపేదీ నేనే.

తిండి విషయానికొస్తే, కూర్చోగానే పెట్టే గుడాలు (ఉడకబెట్టిన శనగలు) వేడిగా ఉంటాయి. పైన పచ్చి ఉల్లిపాయ, నిమ్మరసం. అడగకపోయినా మళ్లీ తెచ్చి పోస్తారు. అపోలో ఫిష్ 380, ఆ డబ్బుకి న్యాయమే. ముక్క లోపల దాకా ఉప్పూ కారం పట్టి ఉంటుంది, పెరుగు పుల్లన తగులుతుంది. చికెన్ 65కి రంగు దట్టించే అలవాటు మానలేదు, తిన్నాక వేళ్లు చూసుకుంటే రక్తదానం చేసొచ్చినట్టు ఉంటాయి. అయినా రుచి బాగుంటుంది. బోటి ఫ్రై శని, ఆదివారాల్లోనే. బిర్యానీ కోసం మాత్రం ఇక్కడికి రాకండి. తాగినవాళ్లకి అర్ధరాత్రి వడ్డించే బిర్యానీ అది, ఎవరూ రుచి పట్టించుకోరని వాళ్లకీ తెలుసు. ఏసీ సెక్షన్ పరవాలేదు, కింద సెక్షన్‌లో పొగ. బాత్రూం తొమ్మిదింటి దాకా శుభ్రంగా ఉంటుంది, తర్వాత మీ అదృష్టం.

అయితే నా లెక్కలో బార్‌ని ఎనిమిదింటికి చూసి మార్కులు వేయకూడదు. ఎనిమిదింటికి అన్ని బార్లూ బాగానే ఉంటాయి. పదకొండు దాటాక చూడాలి.

ఆ ఒక్క స్టార్ ఆయన సంగతి ఇదీ. నలుగురు కూర్చున్నారు, ఎవరిదో ప్రమోషన్ పార్టీ. మిగతా ముగ్గురు ఒక పద్ధతిలోనే తాగారు. ఈయన మొదటి గంటలోనే స్పీడు మీద ఉన్నాడు. పది దాటాక అదే బాస్ మీద అదే జోకు మూడుసార్లు చెప్పాడు, మూడుసార్లూ తనే నవ్వాడు. ఫోన్ లాక్ తీయబోతే వేలు పక్కన పడుతోంది. ఇవన్నీ నేను కాలక్షేపానికి చూస్తున్నాను. కాసేపటికి అర్థమైందేంటంటే, అక్కడి కెప్టెన్, అంటే సర్వర్ల మీద పెద్ద, డ్యూటీలో భాగంగా చూస్తున్నాడు. నలభై దాటిన మనిషి, శ్రీకాకుళం వైపు. ఈ లైన్లో చాలా ఏళ్లుగా ఉన్నాడు.

కెప్టెన్ గొడవ పెట్టుకోలేదు. ముందు ఆర్డర్ మర్చిపోయినట్టు నటించాడు. అడిగితే "అయ్యో, ఇప్పుడే సార్" అని వెళ్లి వాటర్ బాటిల్ తెచ్చాడు. తర్వాతి పెగ్గులో ఐస్ నిండా వేశాడు. ఆ తర్వాత టేబుల్ దగ్గరికి వచ్చి "సార్, కిచెన్ క్లోజ్ అయిపోతోంది, లాస్ట్ ఆర్డర్, బిర్యానీ చెప్పనా?" అన్నాడు. మా టేబుల్‌కి ఆ మాట అరగంట తర్వాత గానీ చెప్పలేదు. అంటే ఆ లాస్ట్ ఆర్డర్ ఆ ఒక్క టేబుల్‌కే. చూసి నాకు భలే ముచ్చటేసింది.

ఒక్క స్టార్ ఆయన ఊరుకోలేదు. "ఇంకో లార్జ్ పొయ్" అన్నాడు. కెప్టెన్ చేతులు కట్టుకుని, "ఇవాళ్టికి చాలండి సార్. రేపు రండి, నేనే దగ్గరుండి చూసుకుంటాను" అన్నాడు. ఆయన లేచి అరిచాడు. "నా డబ్బు, నా ఒళ్లు, మధ్యలో నీకేం పని?" మిగతా ముగ్గురూ కూర్చోబెట్టే ప్రయత్నం చేశారు గానీ, వాళ్ల ప్రయత్నంలో కూడా పెద్ద పస లేదు. బిల్లు కట్టి కిందికి వెళ్లారు. సెల్లార్‌లో పార్కింగ్ అబ్బాయి తాళం ఇవ్వలేదు. కెప్టెన్ అప్పటికే ఫోన్ చేసి చెప్పేశాడు. నేను కారు తీయడానికి దిగేసరికి అక్కడ పంచాయితీ నడుస్తోంది. "మీ కారుకి నాది పూచీ సార్. రేపు పొద్దున ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్లండి, పార్కింగ్ చార్జీ కూడా వద్దు" అంటాడు కెప్టెన్. "పోలీసులకి ఫోన్ చేస్తా" అంటాడు ఈయన. మా సర్వేయర్ ఉండబట్టలేక "చేయండి సార్, వాళ్లు ఊదే మిషన్ కూడా తెస్తారు" అన్నాడు. చివరికి క్యాబ్ పిలిచి నలుగుర్నీ ఎక్కించారు.

ఇప్పుడు ఆయన ప్రశ్నకి వద్దాం. నా డబ్బు, నా ఒళ్లు, నీకేం పని?

ఆదివారం పొద్దున మా షెడ్డుకి రండి. శనివారం రాత్రి దెబ్బ తిన్న బండ్లు టోయింగ్‌లో వస్తాయి. ఎలా జరిగింది అని అడిగితే "కుక్క అడ్డం వచ్చిందన్నా" అంటారు. ఆదివారం వచ్చే ప్రతి కారుకీ కుక్కే అడ్డం వస్తుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఈ ఊరి కుక్కలన్నీ ఫుట్‌పాత్ మీదే నడుస్తాయి కాబోలు. బంపర్, హెడ్‌లైట్, రేడియేటర్ అయితే ఏదో సర్దుకోవచ్చు. ఎయిర్‌బ్యాగులు తెరుచుకుంటే డ్యాష్‌బోర్డు, సీటు బెల్టులు, దాని మాడ్యూల్ అన్నీ మార్చాలి, బిల్లు లక్ష దాటిపోతుంది. తాగి నడిపినట్టు తేలితే సొంత బండి డ్యామేజీకి ఇన్సూరెన్స్ రాదు, పాలసీలోనే ఆ మాట రాసి ఉంటుంది. ఎదుటివాడికి దెబ్బ తగిలితే ట్రిబ్యునల్ చెప్పిన పరిహారం కంపెనీ ముందు కట్టి, ఆ తర్వాత బండి ఓనర్ దగ్గర వసూలు చేసుకునే దారి ఉంది. మా సర్వేయర్ బతుకంతా ఈ కుక్క కథలు వినడమే. అతనే శనివారం మా పక్కన కూర్చుని తాగుతాడు, కానీ తన బండి ఇంటి దగ్గర వదిలేసి వస్తాడు. చూసినవాడికి భయం ఉంటుంది.

కాబట్టి నా ఒళ్లు, నా డబ్బు అనే మాట బార్ మెట్ల దాకానే పనిచేస్తుంది. రోడ్డు మీదికి వెళ్లాక అది పక్కవాడి ఒళ్లు కూడా.

2016 జులై 1న పంజాగుట్టలో ఏం జరిగిందో ఈ ఊళ్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇంజినీరింగ్ కుర్రాళ్లు పట్టపగలు తాగి నడిపిన కారు డివైడర్ దాటి, అవతలి వైపు వస్తున్న కారు మీద పడింది. బడి నుంచి ఇంటికి వెళ్తున్న చిన్నపిల్ల పోయింది, ఆ ఇంట్లోవాళ్లూ పోయారు. అప్పుడు పోలీసులు వాళ్లకి మందు పోసిన బార్ దాకా వెళ్లారు, ఎందుకంటే మన దగ్గర 21 ఏళ్లు నిండనివాళ్లకి అమ్మకూడదు. 2024 మే 19న పూణేలో పదిహేడేళ్ల కుర్రాడు పోర్షె కారుతో ఇద్దరు యువ ఇంజినీర్లని గుద్ది చంపినప్పుడూ అంతే. మందు పోసిన చోట్ల ఓనర్‌నీ, మేనేజర్లనీ అరెస్ట్ చేశారు.

రెండు కేసుల్లోనూ బార్ మెడకి చుట్టుకున్నది వయసు. ఆ కుర్రాళ్లకి మందు తాగే వయసు నిండి ఉంటే? ముప్పై అయిదేళ్ల మనిషికి నిలబడలేని స్థితిలో ఇంకో రెండు పెగ్గులు పోసి, తాళం చేతికిచ్చి, సలాం కొట్టి పంపిస్తే బార్‌ని ఎవరు అడిగారు? దానికి కాగితం మీద దారి లేకపోలేదు. మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు. మొదటిసారి 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోసారి 15,000, జైలయితే రెండేళ్ల దాకా. ఇది అందరికీ తెలుసు. గోషామహల్ ట్రాఫిక్ పోలీసుల ట్రైనింగ్ సెంటర్లో పెళ్లాన్నో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లకి ఇంకా బాగా తెలుసు. తెలియంది 188వ సెక్షన్. తాగి నడపడానికి ప్రోత్సహించినవాడికీ, తోడ్పడినవాడికీ అదే శిక్ష అంటుంది అది. సైబరాబాద్ పోలీసులు న్యూ ఇయర్ ముందు ఇచ్చే సూచనల్లో, తాగిన కస్టమర్‌ని బండి నడపనిస్తే బార్, పబ్ యాజమాన్యం మీద కూడా కేసు పెడతామని రాస్తుంటారు. మంచి మాటే. జనవరి రెండో తారీఖుకల్లా ఆ మాట బార్లూ మర్చిపోతాయి, మనమూ మర్చిపోతాం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటేసి మాట్లాడేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. బార్‌టెండర్‌ని లోపలెయ్యాలి అనడం తేలిక. అసలు మన దగ్గర బార్‌టెండర్ ఎవరు? జూబ్లీహిల్స్ పబ్బుల్లో సీసాలు ఎగరేసే కుర్రాడు ఉంటాడేమో. మా మూసాపేట బార్లో కౌంటర్ అబ్బాయి కొలిచి పోసి గాజు కిటికీలోంచి ఇస్తాడు, తాగే మనిషి మొహం అతనికి కనపడదు కూడా. టేబుల్ దగ్గరికి తెచ్చే పిల్లలు ఒడిశా నుంచో, బెంగాల్ నుంచో వచ్చినవాళ్లు. జీతం అంతంత మాత్రం, మిగతాది టిప్పే. అలాంటి పిల్లాడు కారు తాళాలు తిప్పుకుంటూ కూర్చున్న పెద్దమనిషికి "నీకు చాలు" అని ఎలా చెప్తాడు? చెప్తే టిప్పు పోతుంది, ఒక్కోసారి చెంప కూడా పగులుతుంది. కేసు అతని మీద పెడితే, కాగితం మీద న్యాయం జరిగినట్టే ఉంటుంది, ఓనర్ ఇంకో పిల్లాడిని తెచ్చుకుంటాడు.

పైగా ఏ సర్వర్‌కైనా తన కళ్లకి కనిపించినంతే తెలుస్తుంది. వైన్స్ పక్కన పర్మిట్ రూంలో నిలబడి ఒక క్వార్టర్ వేసి, తర్వాత ఇక్కడికి వచ్చి మర్యాదగా రెండు బీర్లు తాగినవాడి సంగతి ఇక్కడి వాళ్లకి ఎలా తెలుస్తుంది? ఆ పర్మిట్ రూంలో అయితే పోసేవాడే ఉండడు. సీసా కొనుక్కుంటారు, గ్లాసు, నీళ్ల ప్యాకెట్ తీసుకుంటారు, నిలబడే దించుతారు. అక్కడ ఎవరి మీద పెడతారు బాధ్యత? గుడాలు అమ్మే ముసలమ్మ మీదా? గబగబా తాగి లేచినవాడికి బార్లో కన్నా బయటికి వచ్చి కారెక్కాక మత్తు పెరుగుతుంది, ఆఖరి పెగ్గు రక్తంలోకి ఎక్కడానికి టైం పడుతుంది కదా. మెట్లు నిటారుగా దిగినవాడు వై జంక్షన్ దగ్గరికి వెళ్లేసరికి తూలొచ్చు.

తాగినవాడు చేసే ప్రతి పనీ బార్ నెత్తిన వేయడం కూడా నాకు ఇష్టం లేదు. ఇంటికెళ్లి పెళ్లాన్ని కొట్టినవాడు "మందు కొట్టించింది" అంటాడు. బార్ మీద కూడా నేరం మోపితే ఆ మాటకి ఇంకొంచెం బలం వస్తుంది. ఇష్టపడి తాగినవాడికి మత్తు సాకు కాదని మన నేరాల చట్టంలోనే ఉంది, అది అలాగే ఉండాలి. నేను బార్‌ని అడిగేది రెండే. నీ కళ్ల ముందు మనిషి తూలుతుంటే ఎందుకు పోశావు? తూలుతున్నవాడి చేతికి తాళం ఎందుకిచ్చావు? ఈ రెండిటికీ జవాబు చెప్పాల్సింది లైసెన్స్ ఎవరి పేరు మీద ఉందో ఆయన. పెగ్గు మీద లాభం ఆయనది.

మా బాబాయి కొడుకు టెక్సాస్‌లో ఒక ఇండియన్ రెస్టారెంట్‌కి మేనేజర్. బీరు, వైన్ అమ్ముతారు. అక్కడ డ్రామ్ షాప్ చట్టం అని ఉందట. తనకీ పదిమందికీ ప్రమాదం అనిపించేంత మత్తులో మనిషి కళ్ల ముందు కనబడుతున్నా పోస్తే, ఆ తర్వాత యాక్సిడెంట్‌లో దెబ్బ తిన్నవాళ్లు ఆ షాపు మీద దావా వేయొచ్చు. ఓనర్‌కి తప్పించుకునే దారి కూడా పెట్టారు. స్టాఫ్‌కి ప్రభుత్వం ఒప్పుకున్న ట్రైనింగ్ ఇప్పించి ఉండాలి, తాగినవాడికైనా సరే పోసెయ్యమని ఓనర్ స్టాఫ్‌ని ఎగదోసి ఉండకూడదు. "అన్నయ్యా, ఒకడికి 'నో' చెప్తే మా ఓనరే నా వెనక నిలబడతాడు. నిలబడకపోతే మునిగేది ఆయనే కదా" అన్నాడు ఫోన్లో. ఆ ఒక్క ముక్క నాకు నచ్చింది.

ఎందుకంటే ఇక్కడ జరిగింది దానికి పూర్తిగా రివర్స్, ఐదో స్టార్ పోయింది అందుకే. ఆ పంచాయితీ అయ్యాక నేను మర్చిపోయిన కళ్లజోడు కోసం పైకి వెళ్లాను. క్యాష్ కౌంటర్ దగ్గర మేనేజర్ కెప్టెన్‌ని నిలబెట్టి అడుగుతున్నాడు. రెగ్యులర్ కస్టమర్‌ని పోగొట్టావు, రివ్యూ పెడితే నువ్వు కడతావా అని. కెప్టెన్ తల వంచుకుని "సార్, సార్" అంటున్నాడు. నేను మధ్యలో దూరి "మీరు ఈయనకి దండ వెయ్యాలి" అన్నాను. మేనేజర్ నవ్వేశాడు గానీ, ఆ నవ్వు కస్టమర్‌కి చూపించే నవ్వు. ఆ తర్వాత ఆ ఒక్క స్టార్ కింద యాజమాన్యం జవాబు కూడా పెట్టింది: "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం, మళ్లీ జరగకుండా చూసుకుంటాం." ఏది మళ్లీ జరగదు? తాళం దాచడమా?

ఓనర్ గారు ఇది చదువుతారో లేదో తెలియదు, చదివితే నాలుగు మాటలు. ఆ కెప్టెన్ తన తెలివితో చేసిన పనిని మీ బార్ రూల్‌గా మార్చండి. తాళం ఇవ్వాలా వద్దా అనే నిర్ణయం పార్కింగ్ అబ్బాయి మీద వదలొద్దు, ఆ కుర్రాడు మీ స్టాఫ్ కూడా కాదు, వేరే ఏజెన్సీ మనిషి. ఏడింటి దాకా ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అని బోర్డు పెట్టి, పదకొండింటికి స్టాఫ్‌ని బాధ్యతగా ఉండమంటే కుదరదు. కౌంటర్ మీద "డ్రైవర్ కావాలంటే ఈ నంబర్‌కి ఫోన్ చేయండి" అని స్టిక్కర్ అంటించారు కదా, ఆ నంబర్‌కి ఒకసారి మీరే చేసి చూడండి. మా పార్ట్స్ షాపు వాడు చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మెట్రో స్టేషన్ నడిచే దూరంలో ఉంది గానీ ఆఖరి రైలు మీరు మూసేకన్నా ముందే వెళ్లిపోతుంది. కాబట్టి శనివారం రాత్రి గేటు దగ్గర ఇద్దరు డ్రైవర్లని మీ ఖర్చుతో నిలబెట్టినా తప్పులేదు. కొన్ని టేబుళ్ల అపోలో ఫిష్‌లో మిగిలే డబ్బు అది.

ఒక్క స్టార్ ఆయనకి నా దగ్గర వేరే సలహా ఏమీ లేదు. మర్నాడు మధ్యాహ్నం వచ్చి కారు తీసుకెళ్లాడట, ఒక్క గీత పడలేదని పార్కింగ్ అబ్బాయి చెప్పాడు. నా వ్యాపారానికి అది నష్టమే.

మిగతావాళ్లకి: శనివారం ఏడున్నర లోపు వస్తే ఏసీ సెక్షన్‌లో టేబుల్ దొరుకుతుంది. ఫిష్‌కి గ్రేవీ వద్దని ముందే చెప్పండి. బోటి ఆదివారం మధ్యాహ్నం రెండింటికల్లా అయిపోతుంది. కెప్టెన్ టేబుల్ దగ్గరికొచ్చి కిచెన్ క్లోజ్ అవుతోందంటే గడియారం చూడకండి, టిప్పు ఇచ్చి లేవండి.